నిలబడ్డ చోటు

ఈ ఫోటోలను ఏ పోటీకి పంపినా మొదటి వడపోతలోనే పక్కన పడేస్తారు. నడిమధ్యలో ఒక కొలబద్ద, దాని పక్కన కర్రకు తగిలించిన నీలం కాగితం, చుట్టూ చెట్లు. పొద్దు కుంగడం లేదు, మంచు తెర లేదు, తల తిప్పి చూసే జింకపిల్ల లేదు. వెలుతురు చప్పగా ఉంటుంది. ఎడమ అంచున ఒక మాను నిలువునా సగానికి తెగిపోయి ఉంటుంది. పెళ్లి ఫోటోగ్రాఫరైతే ఒక్క అడుగు జరిగి ఆ మానును తప్పించేవాడు. రెండో ఫోటోలోనూ అదే కొలబద్ద, అదే మాను, అంచున సరిగ్గా అక్కడే తెగి ఉంటుంది. నేల మాత్రం నల్లగా ఉంది. మూడోదాంట్లో ఆ నలుపులోంచి గడ్డి. నాలుగోది అయిదేళ్ల తర్వాతది, గడ్డి మీద పొదలు. మాను మాత్రం అంగుళం కూడా జరగలేదు. జరగనిది మాను ఒక్కటే అనుకుంటాం. కెమెరా కూడా జరగలేదు. పనితనమంతా అక్కడే ఉంది.

అడవికి తెలిసి తెలిసి, లెక్క చూసుకుని నిప్పు పెట్టే పనిని ప్రిస్క్రైబ్డ్ బర్న్ అంటారు. డాక్టరు చీటీ రాసినట్టు ఎంత గాలిలో, ఎంత తేమలో, ఎంత మేర, మంట ఎంత ఎత్తు లేవవచ్చు అన్నది ముందే కాగితం మీద పెట్టి, ఆ రోజు కోసం కాచుకుని పెట్టే నిప్పు అది. ఆ నిప్పు నిజంగా చేసిందేమిటో తెలియాలంటే కాలకముందు ఒక ఫోటో, కాలాక ఒక ఫోటో ఉండాలి. వినడానికి పిల్లలాటలా ఉంటుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. ఈ ఫోటోల వరసలు చూస్తూ చూస్తూ, వాటి వెనకున్న చేతిపుస్తకాలు చదువుతూ పోయాక, నాకు తెలిసిన ఫోటోగ్రఫీలో ఇంత కఠినమైన శాఖ మరొకటి లేదనిపించింది. ఇందులో తీసేవాడి కంటికి పనిలేదు. అతని కాళ్లు ఎక్కడున్నాయన్నదే లెక్క.

ఈ పనికి నేను పదేపదే తిరిగి చూసే ఉదాహరణ ఒకటి అమెరికాలో, మోంటానా రాష్ట్రపు పడమటి కొసన ఉన్న బిటర్‌రూట్ లోయలో ఉంది. హామిల్టన్ అనే చిన్న ఊరికి నైరుతిగా లిక్ క్రీక్ అనే వాగు పారుతుంది. అమెరికా అటవీ శాఖ 1905లో ఏర్పడింది. మరుసటి ఏడే ఈ వాగు చుట్టూ ఉన్న పాండరోసా పైన్ కలపను అనకొండా రాగి గనుల కంపెనీకి అమ్మింది. 1907 నుంచి 1911 దాకా కోత సాగింది. కొత్త శాఖ, పెద్ద అమ్మకం. అంతా నరికేయకుండా ఏరి నరికిస్తున్నామని చూపించుకోవాల్సిన అవసరం ఉంది. 1909లో డబ్ల్యు. జె. లుబ్కెన్ అనే ఫోటోగ్రాఫర్ ఆ అడవిలో ముక్కాలిపీట దించి కొన్ని చోట్ల బొమ్మలు తీశాడు. ఆ చోట్లకు మళ్లీ ఎవరో వస్తారని ఆ బొమ్మల్లో ఎక్కడా కనిపించదు. ఆ రోజు పని ఆ రోజు చేసుకుపోయాడు.

కానీ వచ్చారు. 1920ల్లో ఒకసారి. ఆ తర్వాత ఇంచుమించు పదేళ్లకోసారి, 1997 దాకా. అవే చోట్లు, అదే చూపు. 1982లో జార్జ్ గ్రుయెల్, అతని తోటివాళ్లు డెబ్బయ్యేళ్ల బొమ్మలను వరసగా పేర్చి ఒక నివేదిక వేశారు. 1999లో హెలెన్ స్మిత్, స్టీఫెన్ ఆర్నో సంపాదకత్వంలో వచ్చిన నివేదిక దాన్ని 88 ఏళ్లకు పొడిగించింది. ఒక మనిషి ఆయుష్షంత పొడుగున ఒకే చోట నిలబడి చూస్తే ఎలా ఉంటుందో ఆ పుటల్లో ఉంది. నిజానికి నిలబడింది ఒక్కరు కారు. ఒకరి తర్వాత ఒకరు, ముందువాళ్ల కాళ్ల గుర్తుల్లో కాళ్లు పెట్టి నిలబడ్డారు.

బొమ్మల్లో ఏముందో చెబుతాను. 1909లో చెట్లకూ చెట్లకూ మధ్య బండి తిప్పుకునేంత ఎడం. పాండరోసా పైన్ ముదిరితే కింది కొమ్మలు రాల్చేసుకుంటుంది, బెరడు దళసరిగా పలకలు పలకలుగా విచ్చుకుంటుంది. నేల మీద పాకే చిన్న మంటకు అది చలించదు. లిక్ క్రీక్ చెట్ల మొదళ్లలో కాలిన మచ్చలను ఏడాది వలయాలతో సరిపోల్చి లెక్కపెడితే, 1900కు ముందు పదేళ్లు తిరగకుండానే ఒక మంట చొప్పున అడవి గుండా నడిచిపోయేదని తేలింది. ఆ మంటలే కింది తుప్పను ఊడ్చేసేవి. 1909 బొమ్మలో కనిపించే ఆ ఎడంలో కొంత కోతది, కొంత ఊడ్చిన చీపురు గుర్తు.

తర్వాత చీపురు ఆగిపోయింది. లుబ్కెన్ ఫోటోలు తీసిన మరుసటి ఏడు, 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మోంటానా అడవుల్లో కార్చిచ్చు రేగి సుమారు 30 లక్షల ఎకరాలను బుగ్గి చేసింది. ఎనభై మందికి పైగా చనిపోయారు. ఆ దెబ్బతో అటవీ శాఖకు నిప్పంటే శత్రువన్న భావం ఎముకల్లోకి దిగింది. ఏ మంట కనిపించినా మర్నాడు ఉదయం పది గంటలకల్లా అదుపులోకి రావాలని 1935లో నియమం పెట్టారు. 1944లో టోపీ పెట్టుకున్న ఎలుగుబంటి స్మోకీ బేర్ ప్రచారానికి దిగాడు. ఈ చరిత్రంతా పుస్తకాల్లో పేజీలకు పేజీలు ఉంటుంది. లిక్ క్రీక్ వరసలో మాత్రం మాట లేకుండా కనిపిస్తుంది. తిరిగి వచ్చేసరికి నడుమెత్తు మొక్కలు. మరో పదేళ్లకు మనిషెత్తు. నీడను ఓర్చుకునే డగ్లస్ ఫర్ కింద నుంచి గుంపులుగా లేస్తుంది. ముందు వరసలో మొలిచిన పిల్లచెట్లు వెనకున్న పెద్ద పైన్లను కప్పేస్తాయి. 1980లకు వచ్చేసరికి కొన్ని బొమ్మల్లో ఇక చూడటానికి ఏమీ లేదు, ఆకు గోడ తప్ప.

ఇక్కడే నాకు వాళ్ల మీద గౌరవం రెట్టింపయింది. ఆకు గోడ ముందు నిలబడ్డ ఫోటోగ్రాఫర్ ఏం చేయాలి? ఉన్నచోటే నిలబడి తీస్తే ఫ్రేమంతా ఒకటే కొమ్మ. పక్కకు జరిగితే చోటు తప్పుతుంది. చాలా చోట్ల ఉన్నచోటే నిలబడి ఆ గోడనే తీశారు. అడవి ఏమైందో చెప్పడానికి దానికన్నా మంచి సాక్ష్యం ఏముంటుంది? తప్పనిసరై జరిగిన చోట, బొమ్మ కింద ఆ సంగతి రాసిపెట్టారు: చెట్లు అడ్డొచ్చినందున కెమెరాను పాత చోటు నుంచి ఇంత దూరం, ఇటువైపు జరిపాం. చిన్న వాక్యమే. రాయకపోతే ఎవరికీ తెలిసేది కాదు. రాయడం వల్ల ఆ ఒక్క బొమ్మ విలువ కాస్త తగ్గి, మిగతా అన్నింటి విలువా పెరిగింది.

ఆ వరసలో చివరి మలుపు నిప్పుది. 1992లో కొన్ని భాగాల్లో చెట్లను పలచన చేశారు. 1993 వసంతంలో వాటిలో కొన్నింటికి నిప్పు పెట్టారు. ఒకచోట నేల మీది మెత్తటి పొర ఇంకా తడిగా ఉండగా, మరోచోట అది బాగా ఎండాక. ఇంకోచోట నరికి ఊరుకున్నారు, కాల్చలేదు. అవి మూడూ పక్కపక్కనే ఉండటం వల్ల పోల్చి చూడటం సాధ్యమైంది. 1997 బొమ్మల్లో మళ్లీ చెట్ల మధ్య ఎడం కనిపిస్తుంది. 1909 నాటి ఎడం లాంటిదే, అచ్చం అదే మాత్రం అనలేం. అప్పటి ముసలి పైన్లు చాలావరకు ఇప్పుడు లేవు, నిలిచినవాటిలో ఎక్కువ ఆ తర్వాత పుట్టినవి.

చోటు తిరిగి దొరకబుచ్చుకోవడం ఎలాగో చెప్పాలి. ఎందుకంటే పాత ఫోటో చేతిలో పట్టుకుని అడవిలోకి నడిచే మనిషికి మొదట ఎదురయ్యేది దిక్కు తోచని స్థితి. పటం మీద చుక్క ఉన్నా, జీపీఎస్ ఉన్నా, అది చెట్ల కింద కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. మీటరు తేడా వస్తే బొమ్మ మారిపోతుంది. మీరే చూడండి. మీ ఇంటి కిటికీ ఊచను, ఎదురింటి కొబ్బరిచెట్టును ఒక వరసలో పెట్టి నిలబడండి. అడుగు కుడికి జరగండి. కొబ్బరిచెట్టు ఊచను వదిలేసి పక్కకు పోతుంది. దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య ఉన్న ఈ దొంగాటనే వాళ్లు పనిముట్టు చేసుకున్నారు. పాత బొమ్మలో ఎడమవైపున ఒక జత వెతుకుతారు: దగ్గరి బండరాయి అంచు, దూరపు గుట్ట గూని. కుడివైపున మరో జత. ఎడమ జత కలిసే గీత మీద ఎక్కడో మనం నిలబడాలి. కుడి జత కలిసే గీత మీద కూడా. రెండు గీతలూ కోసుకునే చోటు ఒక్కటే. అక్కడ ముక్కాలిపీట దించుతారు. మెడ ముందుకు చాచి, వెనక్కి లాగి, అరచేయి వెడల్పు జరిగి, మళ్లీ చూసి, ఆ కోత చోటును పట్టుకోవడానికి ఒక్కోసారి గంట పడుతుంది. దూరంగా చూసేవాడికి ఎవరో అడవిలో తూలుతున్నట్టు కనిపిస్తుంది.

ఇందులో ఒక సంగతి దగ్గర కెమెరా పట్టినవాళ్లు కూడా తరచు పొరబడతారు. లెన్సు మారితే బొమ్మలోకి వచ్చే మేర మారుతుంది, అంతే. వస్తువుల మధ్య వరస మారేది నిలబడ్డ చోటు మారినప్పుడే. అందుకే నూరేళ్ల కిందటి పెద్ద పెట్టె కెమెరా బొమ్మను ఇవాళ్టి డిజిటల్ కెమెరాతో తిరిగి తీయవచ్చు, అంచులు కత్తిరించి సరిపెట్టుకోవచ్చు. తప్పు చోట నిలబడి తీసినదాన్ని మాత్రం ఏ కత్తెరా సరిచేయలేదు.

ఈ పనిని ఒక శాస్త్రంలా కూర్చి పెట్టినవాళ్లలో ఫ్రెడరిక్ హాల్ ఒకరు. అమెరికా వాయవ్య ప్రాంతపు అటవీ శాఖలో వృక్షజాలం చూసిన మనిషి. 2001లో పెద్ద నివేదిక, 2002లో దాన్ని అడవిలోకి పట్టుకెళ్లేట్టు కుదించిన చేతిపుస్తకం రాశాడు. ఆ చేతిపుస్తకాన్ని నేను వంటల పుస్తకంలా చదివాను, అంత విడమరిచి ఉంటుంది. కెమెరా చోటు దగ్గర ఒక ఇనుప గుంజ. పది మీటర్ల దూరంలో, చూడాల్సిన చోట మరో గుంజ. ఆ రెండో గుంజ దగ్గర మీటరు పొడవున్న బద్ద నిలబెడతారు. దాని మీద అంకెలు దూరం నుంచి కూడా చదవగలిగేంత లావుగా రాసి ఉంటాయి. కెమెరా నడిమి చుక్క ఆ బద్ద కొన మీద పెట్టాలి. ఏటేటా అక్కడే. ఇక మనిషి ఎంత పొడుగువాడైనా, ఎంత అనుభవం లేనివాడైనా బొమ్మ పక్కకు పోదు.

నీలం కాగితం సంగతి కూడా ఆయన దగ్గరే తెలిసింది. ఏ ప్లాటు, ఏ తేదీ, ఏ చూపు అన్నది పెద్ద అక్షరాలతో రాసి ఫ్రేములోనే పెడతారు. తెల్ల కాగితమైతే ఎండలో వెలుగును తిరగకొట్టి బొమ్మలో ఉత్త తెల్ల మరకగా మిగిలిపోతుంది, రాసింది కనిపించదు. మధ్యస్తంగా ఉన్న నీలం అయితే అక్షరం నిలుస్తుంది. ఎన్ని ఫిలిం రోళ్లు పాడైతే ఈ ఒక్క మాట రాయగలిగి ఉంటారో! అలాంటి చిన్న మాటలున్న పుస్తకం చూస్తే రాసినవాడి బూట్ల మీది బురద కూడా కనిపిస్తుంది.

గుంజ పాతడం, గుర్తు చెట్టును రాసుకోవడం, అక్కడి నుంచి ఇన్ని అడుగులు ఇటు అని నమోదు చేయడం చదువుతుంటే నాకు మన సర్వేయర్లే గుర్తొచ్చారు. గొలుసు లాగి, హద్దురాయి పాతి, టిప్పన్‌లో గీసి పెట్టే పని అది. తేడా ఒకటుంది. మన ఊళ్లలో హద్దురాయిని రాత్రికి రాత్రి రెండు గెట్లు అవతలికి జరిపే ఘనులు ఉంటారు. అక్కడ ఆ పని ఎలుగుబంట్లూ దుప్పులూ చేస్తాయి. అందుకే ఒక గుర్తు మీద ఎవరూ ఆధారపడరు, గుంజ పోయినా చెట్టు చెప్పేట్టు, చెట్టు కూలినా బండ చెప్పేట్టు రాసుకుంటారు.

నిప్పు పెట్టబోయే ప్లాటులో ఈ జాగ్రత్త ఇంకాస్త ముదురుతుంది. పాతింది మంటలో బతకాలి. అమెరికా జాతీయ పార్కుల సంస్థ 2003లో వెలువరించిన నిప్పు పరిశీలన చేతిపుస్తకం ప్రకారం అడవి ప్లాటు 20 మీటర్లు వెడల్పు, 50 మీటర్లు పొడవు. మూలల్లో, మధ్యలో, అంచుల మీద ఇనుప ఊచలు దిగగొడతారు. చెట్టు చెట్టుకూ అంకె ఉన్న బిళ్ల తగిలిస్తారు. ఆ బిళ్ల ఏ లోహంతో చేయాలన్నది కూడా పనితనంలో భాగమే. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగిపోతుంది. పెద్ద దుంగ పక్కన నిలిచి కాలే మంటకు అది ఎక్కువేమీ కాదు. ఇత్తడి 900 దాటేదాకా ఓర్చుకుంటుంది. అందుకే కాల్చే ప్లాటుల్లో ఇత్తడి బిళ్లలు. మంట పోయాక బూడిదలో మోకాళ్ల మీద వంగి, మసి తుడిచి, ఆ బిళ్ల మీది అంకె చదువుతారు. చదవగలిగితేనే పాత చెట్టు పాత పేరుతో మళ్లీ లెక్కలోకి వస్తుంది.

ప్లాటు ఎక్కడ ఉండాలన్నది కంటితో ఎంచుకోరు, చీటీ వేసినట్టు ఎంచుకుంటారు. ఫోటోగ్రాఫర్‌కు ఇది ఎంత కష్టమో ఆలోచించండి. పది గజాల అవతల అద్భుతమైన బొమ్మ ఉంది, వెలుతురు సరిగ్గా వాలుతోంది. చీటీ మాత్రం ఇక్కడ, ఈ ముళ్ల తుప్ప ఎదుట నిలబడమంది. నిలబడతాడు. అందమైన చోట్లనే ఎంచుకుంటూ పోతే, నిప్పు అందమైన చోట్ల ఏం చేస్తుందో మాత్రమే తెలుస్తుంది.

నిప్పు పెట్టే ముందు తీసే ఫోటోకు ఒక భయం ఉంది. తర్వాత తీయబోయేది మళ్లీ తీసుకోవచ్చు, మసక వచ్చిందంటే రేపు వెళ్లవచ్చు. ముందుది ఒక్కటే. కాలిపోయాక దానికి రెండో అవకాశం లేదు. అందుకే తడిమి తడిమి చూసుకుంటారు. ప్లాటులోకి అడుగుపెట్టేది కూడా ఒకే దారిలో, అంచుల వెంబడి. పది మంది అటూ ఇటూ తొక్కితే పైన్ సూదాకుల మెత్తటి పరుపు అణిగిపోతుంది, పుల్లలు విరుగుతాయి. అణిగిన పరుపు ఒకలా కాలుతుంది, పొంగి ఉన్నది ఒకలా కాలుతుంది. ఫోటోగ్రాఫర్ బూటు మంట స్వభావాన్నే మార్చేస్తుంది.

ఆ పరుపును కొలిచే పద్ధతి ఒకటి నాకు భలే నచ్చింది. సన్నటి ఉక్కు మేకులను నేలలోకి, తల సరిగ్గా ఆకుపొర పైమట్టానికి సమంగా ఉండేట్టు గుచ్చిపెడతారు. మంట పోయాక వచ్చి చూస్తే మేకు ఎంత మేర బయటపడిందో అంత పొర కాలిందన్నమాట. ఒక కొలత, కాగితం అక్కర్లేని కొలత. పుల్లలను లెక్కించే పద్ధతి మరొకటి. మిజౌలాలోని నిప్పు పరిశోధనశాల 1960లో మొదలైంది, అదీ మోంటానాలోనే ఉంది. అక్కడి జేమ్స్ బ్రౌన్ 1974లో ఈ పద్ధతిని చేతిపుస్తకంగా రాశాడు. నేల మీద టేపు పరిచి, దాన్ని అడ్డంగా దాటే ప్రతి పుల్లనూ లావు ప్రకారం లెక్కపెడతారు. ఆరు మిల్లీమీటర్ల లోపు పుల్ల ఒక గంట రకం. గాలిలో తేమ మారితే గంటలో దాని తేమా చాలావరకు మారిపోతుంది. అంగుళం లోపుది పది గంటలది. మూడంగుళాల లోపుది వంద గంటలది. అంతకన్నా లావైన దుంగ వెయ్యి గంటలది. పొయ్యి రాజేసిన మన అమ్మమ్మలకు ఈ వర్గీకరణ కొత్తగా అనిపించదు. చితుకులు ముందు, కట్టెలు తర్వాత, మొద్దు చివర.

మంట రోజున ఫోటోగ్రాఫర్‌కు పెద్దగా పని ఉండదు. డీజిలు, పెట్రోలు కలిపిన డ్రిప్ టార్చులు పట్టుకున్నవాళ్లు బొట్టు బొట్టుగా నిప్పు జారుస్తూ వరసలు వరసలుగా నడుస్తారు. మంట లోపలికి పంపే కెమెరాలు కూడా ఉన్నాయి. వేడికి ఓర్చే పెట్టెలో బిగించి మంట దారిలో పెడతారు, కెనడా వాయవ్య భూభాగాల్లో 1990ల చివర అడవి పైకొమ్మల దాకా తగలబెట్టి చేసిన పెద్ద ప్రయోగాల్లో అలాంటివి వాడారు. ఆ వీడియోలు చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, నాకు మాత్రం ఆ మర్నాటి ఫోటోలే ఇష్టం.

మర్నాటి ఫోటో దగ్గర కెమెరాయే మోసం చేస్తుంది. వెలుతురు కొలిచే యంత్రం ఎదుట ఉన్నదేదైనా నడిమి బూడిదరంగేనని నమ్ముతుంది. నల్లగా కాలిన నేలను చూపిస్తే, ఇది చీకటిగా ఉందనుకుని ఎక్కువ వెలుతురు లోపలికి రానిస్తుంది. ఫలితం: నలుపు బూడిదరంగులోకి తేలిపోతుంది, పక్కనున్న తెల్లబూడిద వెలిసిపోయి మరకలా మిగులుతుంది. బాగా కాలిన చోటుకూ పైపైన కాలిన చోటుకూ ఉన్న తేడా అంతా ఆ తెల్లబూడిదలో, ఆ నలుపులో ఉంది. పుల్ల నల్లబడి ఆగిపోయిందా, పూర్తిగా కాలి తెల్లగా రాలిందా అన్నదే మంట తీవ్రతకు ఆనవాలు. దాన్ని యంత్రానికి వదిలేస్తే సాక్ష్యం చెరిగిపోయినట్టే. అందుకని తెలిసినవాళ్లు బూడిదరంగు అట్ట ఎదుట పెట్టి వెలుతురు చూసుకుంటారు, లేదా చేత్తో అమర్చుకుంటారు. మబ్బు పట్టిన రోజు దొరికితే పండగే. ఎండ ఉంటే నల్లనేల మీద చెట్టు నీడ ఏదో, మసి ఏదో తెలియదు. ఎండ పొడ మాను మీద పడితే కాలని బెరడు కూడా మెరిసి మరోలా కనిపిస్తుంది.

బూడిద నిలవదు. గాలికి ఎగురుతుంది, ఒక్క వానకు నేలలోకి దిగిపోతుంది. కాబట్టి తొందరగా వెళ్లాలి. తొందరగా వెళితే మరో చిక్కు. వేడి సోకిన కొమ్మల సూదాకులు ఆ రోజే రంగు మారవు. పచ్చగానే కనిపిస్తాయి. కొన్ని రోజులకో, వారాలకో మాడి ఎర్రబారతాయి. మంట మర్నాడు తీసిన ఫోటోలో అడవి పైభాగం క్షేమంగా ఉంటుంది, నెల తర్వాత తీసినదాంట్లో సగం మాడి ఉంటుంది. రెండూ నిజమే. ఒక్కటే తీసినవాడు మాత్రం తెలియకుండానే అబద్ధం చెప్పినవాడవుతాడు. పద్ధతి తెలిసినవాళ్లు నేల కోసం ఒకసారి, కొమ్మల కోసం మరోసారి వెళతారు. ఆపైన ఏడాదికి, రెండేళ్లకు, అయిదేళ్లకు, పదేళ్లకు. అదీ ముందు ఫోటో తీసిన కాలంలోనే, ఎందుకంటే వసంతపు గడ్డిని శరత్కాలపు గడ్డితో పోల్చితే నిప్పు చేయని పనిని కూడా నిప్పు మీదకు నెట్టేస్తాం.

లిక్ క్రీక్‌లో ఇలా తిరిగి తిరిగి వెళ్లినందువల్లే పొదల కథ బయటపడింది. స్కౌలర్ విల్లో అనే పొద పైన మాడి మసైనా, కింద మొదలు నుంచి చిగుళ్లు దూసుకొస్తుంది. దుప్పులు ఇష్టంగా మేసే బిటర్‌బ్రష్‌కు అంత గట్టి ప్రాణం లేదు, నిప్పుకు చాలా పొదలు చచ్చిపోయాయి. మొదటి నెల ఫోటోలో రెండూ ఒకేలా నల్ల పుల్లలు. ఏది బతికి ఉందో, ఏది పోయిందో ఆ ఫోటో చెప్పదు. తర్వాతి ఏళ్ల ఫోటోలు చెబుతాయి.

ఫోటో ఒంటరిగా ఎంత చెప్పగలదన్నదాని మీద ఈ పనివాళ్లకు భ్రమలు లేవు. ఎకరానికి ఎన్ని టన్నుల పుల్ల ఉందో ఫోటో చెప్పదు, టేపూ మేకూ చెప్పాలి. హాల్ ఒక మధ్యే మార్గం చూపించాడు. బొమ్మ మీద పారదర్శకపు కాగితం పరిచి పొదల అంచులు గీసి, బద్ద మీది అంకెలకు సరిపడేట్టు గళ్ల కాగితం దాని మీద పెట్టి, ఎన్ని గళ్లు పొద లోపల పడ్డాయో లెక్కించడం. పాత బొమ్మకూ కొత్త బొమ్మకూ గళ్లు ఒకే కొలతలో ఉండాలి గనుక, బద్ద లేని బొమ్మకు ఈ లెక్క దక్కదు. ఫ్రేము మధ్య దిష్టిబొమ్మలా నిలబడ్డ ఆ బద్ద మీద ఇప్పుడు నాకు కోపం లేదు.

దీనికి తిరగేసిన పని ఒకటుంది. 1970ల నడుమ నుంచి వేన్ మాక్స్‌వెల్, ఫ్రాంక్లిన్ వార్డ్ అనేవాళ్లు పసిఫిక్ తీరపు అడవుల్లో నేల మీది చెత్తను ముందు ఫోటో తీసి, తర్వాత అదే చోట పుల్ల పుల్లనూ కొలిచి, బొమ్మ పక్కనే అంకెలు అచ్చువేశారు. నిప్పు పెట్టబోయే ఉద్యోగి ఆ పుస్తకం చేతపట్టుకుని, ఎదుటి అడవిని బొమ్మలతో పోల్చి, ఇది ఫలానా పేజీ లాంటిదని టన్నులు అంచనా వేసుకుంటాడు. తర్వాత వచ్చిన కొన్ని పుస్తకాల్లో జంట బొమ్మలు వేశారు, రెండు కళ్లతో విడివిడిగా చూస్తే లోతు తెలిసేట్టు. ఇక్కడ ఫోటోయే కొలబద్ద అయింది.

మన నల్లమలలో వేసవి ముందు అటవీ సిబ్బంది ఫైర్ లైన్లు చెక్కి, అంచుల్లోని బోదగడ్డిని అదుపులో కాల్చేస్తారు. అదీ లెక్క ప్రకారం పెట్టే నిప్పే, మంటను ఆపడానికి పెట్టే మంట. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద ఆకులు కాల్చేవాళ్లు, తునికాకు కొత్త చిగురు కోసం నిప్పు పెట్టేవాళ్లు వేరే. ఆ గట్ల మీద ఎవరైనా గుంజ పాతి, ముందొక ఫోటో తీసి ఉంటే ఎలా ఉంటుందా అని ఒక్కోసారి ఆలోచిస్తాను. నిప్పు మంచిదా చెడ్డదా అని మనం టీ కొట్టు దగ్గర వాదించుకునే మాటల్లో సగం ఆ ఫోటోల ముందు ఆగిపోతాయి, మిగతా సగం ఇంకా బాగా సాగుతాయి.

ఈ పనిలో అందరికీ ఒక చిన్న పరీక్ష ఎదురవుతుంది. గుంజ దగ్గర నిలబడి, నడిమి చుక్కను బద్ద కొన మీద పెట్టి, బొత్తాం నొక్కబోతుంటే లెన్సుకు మూరెడు దూరంలో ఒక సన్నటి కొమ్మ అడ్డంగా వేలాడుతుంటుంది. పోయినసారి బొమ్మలో అది లేదు. ఈ ఏడు పెరిగింది. చేయి చాచి విరిచేస్తే బొమ్మ ఎంత శుభ్రంగా వస్తుందో! ఎవరూ చూడరు కూడా. కానీ ఆ కొమ్మ ఈ ఏడు అక్కడికి వచ్చిందన్నది అడవి చెప్పిన సంగతి. విరిస్తే ఆ సంగతి పోతుంది. అందుకని చేయి జేబులో పెట్టుకుని, కొమ్మతో సహా తీస్తారు. పైమూలన మసకగా, చీమ పాకినట్టు, ఒక గీత. తర్వాత నిప్పు పెడతారు. మళ్లీ వచ్చి అదే గుంజ దగ్గర నిలబడి తీసిన బొమ్మలో ఆ మూల ఖాళీగా ఉంటుంది.